నెలంతా వీధిది, పండుగ ఇంటిది

రంజాన్ అనగానే తెలుగువాళ్లలో చాలామందికి ముందు హలీం గుర్తొస్తుంది. సాయంత్రమైతే చాలు, హైదరాబాద్ హోటళ్ల ముందు మట్టి బట్టీలు రాజుకుంటాయి. నిలువెత్తు కర్రలతో గోధుమనూ మాంసాన్నీ కలిపి మెదిపే మనుషులు, పార్శిల్ డబ్బాలు పట్టుకుని ఇళ్లకు మళ్లే అన్ని మతాల జనం అక్కడ కనిపిస్తారు. 2010లో హైదరాబాద్ హలీంకు భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. మన దేశంలో ఒక మాంసం వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదటిసారి. కానీ పండుగ రోజు ఎవరింటికైనా వెళ్లి హలీం పెట్టమంటే ఇంటివాళ్లు నవ్వుతారు. బట్టీలు అప్పటికే చల్లారిపోయి ఉంటాయి. హలీం ఉపవాసాల నెల తిండి. పండుగ పూట వంటకం వేరు, పొయ్యి వేరు, వండే చేతులు వేరు.

ఈ తేడా తెలిస్తే పండుగ సగం అర్థమైనట్టే. ఉపవాసాల నెల చాలావరకు బజారులో, మసీదులో గడుస్తుంది. షవ్వాల్ నెల మొదటి రోజున వచ్చే ఈదుల్ ఫితర్, మనం రంజాన్ పండుగ అని పిలుచుకునేది, ఇంటి పండుగ. వీధికి కనిపించేది పండుగ నమాజు జరిగే ఈద్గాకు వెళ్లివచ్చే ఆ రెండు గంటలే. పత్రికల్లో అచ్చయ్యే ఫొటోలూ ఆ రెండు గంటలవే: తెల్లటి టోపీలు, బారులు తీరిన వరసలు, ఆలింగనాలు. ఆ ఫొటోల్లో పడనివాళ్లు, అంటే ఇంట్లో ఉన్న ఆడవాళ్లు, కదలలేని ముసలివాళ్లు, చంటిబిడ్డలు, పండుగలో పెద్ద భాగం వాళ్లదే.

పండుగ ఏ రోజో ముందురోజు సాయంత్రం దాకా ఖాయం కాదు. ఇస్లామీ నెలకు 29 రోజులైనా ఉంటాయి, 30 అయినా ఉంటాయి. 29వ రోజు సూర్యుడు గుంకాక పడమటి ఆకాశంలో నెలవంక కనిపిస్తే మర్నాడు పండుగ, లేకపోతే మరో రోజు ఉపవాసం. హైదరాబాద్‌లో రూయతె హిలాల్ కమిటీ కూర్చుని, ఎక్కడెక్కడ చంద్రుడు కనిపించాడో విచారించి ప్రకటిస్తుంది. పిల్లలు మాత్రం ఆ ప్రకటన కోసం ఆగరు. మేడ మీద నిలబడి, మేఘాల సందున సన్నటి గీత కనిపించీ కనిపించకముందే కేకలు పెడతారు.

పిల్లలకు అది వేడుక, ఇంటి ఇల్లాలికి లెక్క. నెలవంక కనిపిస్తే పండుగ తీపికి రాత్రికి రాత్రి లీటర్ల కొద్దీ పాలు కావాలి. కనిపించకపోతే తెల్లవారుజామున సహరీకి అన్నం, కూర సిద్ధం కావాలి. రెండు దారులకూ సరుకు ఇంట్లో ఉండాలి. పాలవాడికి ముందే చెప్పిపెడతారు. నెల 30 రోజులైతే ఆ పాలు కాచి దాచుకుని, మర్నాడు మళ్లీ కొంటారు. ఏటా ఇదే తతంగం. అయినా ఏ ఇంట్లోనూ దీనిమీద ఫిర్యాదు వినపడదు, ఆ ఎదురుచూపు కూడా పండుగలో భాగమే కాబట్టి.

చాంద్రమాన సంవత్సరం 354 రోజుల చిల్లర. అందుకే పండుగ ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ అన్ని రుతువులనూ చుట్టి వస్తుంది. మన దేశంలో 2023లో ఏప్రిల్ 22న, 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న జరుపుకున్నారు. 2000 సంవత్సరంలోనైతే జనవరిలో ఒకసారి, డిసెంబరు చివర మరోసారి, రెండు రంజాన్ పండుగలు వచ్చాయి. 2033లో మళ్లీ అలాగే రెండు వస్తాయి. డిసెంబరులో పడితే మన దగ్గర ఉపవాసం పన్నెండున్నర గంటలకు అటూ ఇటూ. మే, జూన్‌లలో పడితే పద్నాలుగు గంటలు దాటుతుంది, గుక్కెడు నీళ్లు కూడా లేకుండా. ఒక ఇంట్లో ఇద్దరు తోబుట్టువులు చాలా ఏళ్ల తేడాతో మొదటి ఉపవాసం ఉంటే, ఒకరికి చలి గుర్తుంటుంది, ఒకరికి వడగాలి గుర్తుంటుంది.

ఆ మొదటి ఉపవాసమూ ఇంటి వేడుకే. హైదరాబాద్‌లో దీన్ని రోజా రఖాయి అంటారు. పిల్లవాడికో పాపకో కొత్త బట్టలు తొడిగి, పూలదండ వేసి, సాయంత్రం ఉపవాసం విడిచే ఇఫ్తార్‌కు చుట్టపక్కాలను పిలుస్తారు. ఉర్దూ పత్రికల్లో ఆ పిల్లల ఫొటోలు కూడా వస్తుంటాయి. సాయంత్రం నాలుగింటికి ఆ చిన్న మొహం వాడిపోతుంటే ఖర్జూరం పళ్లెం పక్కన కూర్చున్న తల్లి అవస్థ చెప్పనలవి కాదు. అజాన్ వినపడి నోట్లో ఖర్జూరం పడగానే ఆ చిన్నారికి ఇంట్లో పెద్దరికం వచ్చేస్తుంది.

నెలవంక కనిపించిన రాత్రి చాంద్ రాత్. చార్మినార్ చుట్టూ ఆ రాత్రి ఇసుక వేస్తే రాలదు. లాడ్ బజార్‌లో లక్క గాజుల బేరాలు అర్ధరాత్రి దాటినా తెగవు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కానీ, పాతబస్తీ ఆడపిల్లలు తరతరాలుగా ఈ రాత్రి వాటికోసమే వెళ్తున్నారు. దర్జీ కొట్లలో మిషన్లు తెల్లవార్లూ ఆడుతూనే ఉంటాయి. గుండీలు కుట్టాల్సిన చొక్కా కోసం గడపలో కాపలా కాసే కుర్రాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. గుంటూరైనా, కర్నూలైనా, నిజామాబాదైనా ఇదే దృశ్యం.

ఇంట్లో అదే సమయానికి పండుగ తీపి షీర్ ఖుర్మా పని మొదలవుతుంది. ఎండు ఖర్జూరాలను ముందుగానే నానబెట్టి ఉంచుతారు. గింజ తీసి, నిలువుగా సన్నగా చీలుస్తారు. బాదం, పిస్తా నానబెట్టి పొట్టు వలిచి రేకులుగా తరుగుతారు. సారపప్పు పని మరీ ఓపిక పరీక్ష. నానిన గింజలను గుడ్డలో వేసి రుద్దితే గానీ పొట్టు ఊడదు. ఈ చీల్చడం, తరగడం అంతా చాప మీద పళ్లేలు పెట్టుకుని కలిసి చేస్తారు. దాదీ, అంటే నానమ్మ, కత్తిపీట ముందు కూర్చుంటుంది. ఒక చేతికి గోరింటాకు పెట్టుకున్న ఆడపిల్లలు రెండో చేత్తో పప్పులు వలుస్తుంటారు. చిన్నవాళ్లు వలిచిన వాటిలో సగం నోట్లో వేసుకుంటారు. ఊళ్లో ఎవరికి సంబంధం కుదిరింది, ఎవరింట్లో గొడవైంది, ఏ ఖాలాకు ఒంట్లో బాగాలేదు అన్నవన్నీ ఈ చాప మీదికే వస్తాయి.

తర్వాత పొయ్యి పని. పాలు సన్నని సెగ మీద మరిగి మరిగి చిక్కబడాలి. నేతిలో పప్పులు, ఎండుకొబ్బరి, కిస్మిస్ వేర్వేరుగా వేయించి తీయాలి. అదే నేతిలో దారంలాంటి సన్న సేమ్యాను దోరగా వేయించాలి. ఒక్క నిమిషం ఏమరితే మాడుతుంది, మాడితే పాలన్నిటికీ ఆ వాసన పడుతుంది. చక్కెర, ఖర్జూరం వేసి, సేమ్యా మాత్రం చివర్న, అదీ కొద్దిగానే వేయాలి. సేమ్యా ఎక్కువైతే పాయసమవుతుంది. షీర్ ఖుర్మా గిన్నె ఎత్తి తాగేలా ఉండాలి. చల్లారేకొద్దీ అది గట్టిపడుతుంది, అందుకే అనుభవం ఉన్న ఇల్లాలు కాచిన పాలు కొన్ని పక్కన పెట్టుకుంటుంది. మధ్యాహ్నం వచ్చే అతిథికి ఆ పాలు కలిపి వేడిచేసి ఇస్తే పొద్దున్న చేసినట్టే ఉంటుంది.

ఇంత చేసినా, అప్పు తీర్చనిదే పండుగ నమాజుకు కదలకూడదు. ఆ అప్పు పేరు ఫిత్రా. స్తోమత ఉన్న కుటుంబ పెద్ద తన తరఫున, తన పిల్లల తరఫున తలకింత చొప్పున పేదలకు ఇవ్వాలి. మన ప్రాంతంలో సుమారు రెండు కిలోల గోధుమలనో వాటి వెలనో లెక్కగా తీసుకుంటారు. హైదరాబాద్‌లో జామియా నిజామియా వంటి విద్యాసంస్థలు ఆ ఏటి ధరను బట్టి ఎంతో చెబుతాయి. కలిగినవాళ్లు గోధుమకు బదులు ఖర్జూరం, కిస్మిస్ ధర కట్టి ఎక్కువ ఇవ్వవచ్చు. పండుగ తెల్లవారేలోపు పుట్టిన పసిగుడ్డు పేరున కూడా ఫిత్రా పడుతుంది. ఇంటి మనుషులను లెక్కపెట్టేటప్పుడు ఉయ్యాలలో ఉన్న బిడ్డను కూడా వేలు ముడిచి లెక్కపెట్టడం చూస్తే ముచ్చటేస్తుంది. ఉద్దేశం ఒక్కటే: ఆ పూట ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకుండా ఉండకూడదు. అందుకే నమాజుకు ముందే ఇచ్చెయ్యాలి. చాలామంది రెండు మూడు రోజులు ముందే ఇస్తారు, తీసుకున్నవాళ్లు కూడా పాలు, సేమ్యా కొనుక్కోవాలి కదా అని.

జకాత్ అనే దానం దీనికంటే వేరు. ఏడాది పాటు నిలిచిన సొమ్ము మీద, బంగారం మీద, నిర్ణీత పరిమితి దాటితే రెండున్నర శాతం ఇవ్వాలి. ఇస్లామీ న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన హనఫీలో ఆడవాళ్ల నగలకూ ఇది వర్తిస్తుంది. తన నగలకు ఎంత పడుతుందో ఇల్లాలే లెక్క చూసుకుంటుంది. బంధువుల్లో ఎవరికి అవసరం ఉందో ఆవిడకే తెలుస్తుంది కాబట్టి, చాలా ఇళ్లలో ఆ డబ్బు ఎక్కడికి వెళ్లాలో చెప్పేది కూడా ఆవిడే.

పండుగ తెల్లవారుతుంది. ఒకే స్నానాల గది ముందు ఇంటిల్లిపాదీ వరస కట్టిన ఇల్లు ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. స్నానం, ఉన్నంతలో మంచి బట్టలు, చెవి వెనుక అత్తరు, కళ్లకు సుర్మా. ఆ రోజు ఉపవాసం ఉండటం నిషిద్ధం. అందుకే బయల్దేరే ముందు తీపి తినాలి. బేసి సంఖ్యలో ఖర్జూరాలు తినడం ప్రవక్త అలవాటని చెబుతారు. నెల రోజులుగా పొద్దుటిపూట ఏమీ తినని నోటికి ఆ ఖర్జూరం, ఆ గుక్కెడు షీర్ ఖుర్మా ఎంత కొత్తగా ఉంటాయో అది తిన్నవాళ్లకే తెలుసు.

ఈద్గా అంటే పెద్ద కట్టడమేమీ కాదు. ఊరి బయట విశాలమైన మైదానం, పడమటి వైపు ఒక గోడ, అంతే. మామూలు రోజుల్లో పిల్లలు క్రికెట్ ఆడుకునే మైదానాలే చాలా ఊళ్లలో ఈద్గాలు. హైదరాబాద్‌లో అతి పెద్ద సామూహిక నమాజుల్లో ఒకటి మీర్ ఆలం ఈద్గాలో జరుగుతుంది. నిజాం కాలపు ప్రధానమంత్రి పేరు మీద ఉన్న మీర్ ఆలం చెరువుకు దగ్గర్లోనే అది. ఈ నమాజుకు అజాన్ ఉండదు. రెండు రకాతులే (నమాజులో ఒక్కో ఆవృత్తిని రకాతు అంటారు), కానీ మామూలు నమాజులో లేని అదనపు తక్బీర్లు, అంటే చేతులెత్తి ‘అల్లాహు అక్బర్’ అనడాలు, ఉంటాయి. హనఫీ పద్ధతిలో మొదటి రకాతులో మూడు, రెండో దాంట్లో మూడు. ఏడాదికి రెండు పండుగలకే చేసే నమాజు కాబట్టి చేతులు ఎప్పుడెత్తాలో, ఎప్పుడు కట్టాలో పెద్దవాళ్లకే తికమక. అందుకే ఇమాం ముందు పద్ధతంతా విడమరిచి చెబుతారు. అయినా పిల్లలు పక్కనున్న అబ్బాను ఓరకంట చూస్తూనే చేతులెత్తుతారు. శుక్రవారం ఖుత్బా, అంటే ఇమాం ప్రసంగం, నమాజుకు ముందు ఉంటే, పండుగ ఖుత్బా నమాజు తర్వాత ఉంటుంది. అది ముగియగానే ఆలింగనాలు. వెళ్లిన దారిన కాకుండా మరో దారిన ఇంటికి రావడం ఆచారం, మరికొందరిని పలకరించే వీలు కలుగుతుంది. చాలామంది దారిలో ఖబ్రస్తాన్‌లో ఆగి, పోయిన తల్లిదండ్రుల సమాధుల దగ్గర ఫాతిహా ప్రార్థన చదివి వస్తారు.

ఆడవాళ్లు ఈద్గాకు వెళ్లడం మన ప్రాంతంలో తక్కువ. కొన్నిచోట్ల వారికి విడిగా ఏర్పాట్లు చేస్తున్నారు, చాలా ఊళ్లలో ఇంకా లేవు. మగవాళ్లు తిరిగొచ్చేసరికి బిర్యానీకి బియ్యం నాని, మాంసం మసాలా పట్టి, దహీ బడేలకు పిండి రుబ్బి ఉంటుంది. ఈ పండుగ మీద ఎంత రాసినా ఆ చేతుల శ్రమను చెప్పకపోతే అది సగం రాతే. ఉల్లిపాయలు తరిగే మగపిల్లలు, గిన్నెలు కడిగే అన్నలు కొన్ని ఇళ్లలో ఇప్పుడు కనిపిస్తున్నారు. ఇది ఇంకా ఎక్కువ ఇళ్లకు పాకాలి.

పిల్లల ధ్యాస మాత్రం ఈదీ మీదే. పెద్దలకు సలాం చేసి చెయ్యి చాస్తే కొత్త నోటు పడుతుంది. తాత ఎంతిచ్చాడు, చాచా ఎంతిచ్చాడు, ఫుప్పు ఎంతిచ్చింది అని సాయంత్రానికి లెక్కలు తేలతాయి. దాచిపెడతానని తీసుకున్న అమ్మీ దగ్గర ఆ డబ్బు ఏమైందన్నది ప్రతి ఇంట్లోనూ పెద్దయ్యాక నవ్వుకునే సంగతి.

అన్ని ఇళ్లూ ఒకేలా ఉండవు. హైదరాబాద్‌లో దక్కనీ మాట్లాడే కుటుంబానికీ, కోస్తా, రాయలసీమల్లోని నూర్‌బాషా కుటుంబానికీ వంటలోనే కాదు, మాటలోనూ తేడా. నూర్‌బాషాలను దూదేకులవారని కూడా అంటారు. వాళ్ల ఇంటి భాష తెలుగే. మస్తానమ్మ, హుస్సేనప్ప వంటి పేర్లు వాళ్లలో మామూలు. వాళ్ల ఇళ్లలో పండుగ పిలుపులూ, పిల్లల అలకలూ, అత్తాకోడళ్ల మాటలూ తెలుగులోనే సాగుతాయి. తెలంగాణ పల్లెల్లో పండుగ భోజనమంటే బగారా అన్నం, మటన్ కూర. పట్నంలో బిర్యానీ, మిర్చీ కా సాలన్, డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా.

ముస్లిం ఇళ్లున్న చోట ఇరుగుపొరుగుకు షీర్ ఖుర్మా వెళ్లని వీధి తెలుగునాట అరుదు. శాకాహారుల ఇంటికి పంపాలనుకున్నదాన్ని మాంసం సెగ తగలకముందే వేరే గిన్నెలోకి తీసి పెడతారు. ఆ గిన్నె ఖాళీగా తిరిగి రాదు. సంక్రాంతికి అరిసెలు, వినాయక చవితికి ఉండ్రాళ్లు అందులోనే వస్తాయి. 2025లో ఉగాది మార్చి 30న, రంజాన్ మర్నాడే వచ్చాయి. ఉగాది నాడు దేవుని కడప వేంకటేశ్వరుడి గుడికి ముస్లింలు తరలివచ్చే ఆనవాయితీ ఉన్న నేల ఇది. ఆ ఏడాది వేపపువ్వు పచ్చడి అందుకున్న ముస్లిం ఇళ్లవాళ్లు చివరి ఉపవాసంలో ఉన్నారు, సూర్యుడు గుంకేదాకా దాన్ని రుచి చూడలేకపోయారు. తెల్లవారగానే వాళ్ల గిన్నెలు ఎదురింటికి వెళ్లాయి.

గల్ఫ్‌కు మనుషులను పంపిన ఇళ్లలో పండుగ రెండు రోజులు. రాయచోటి, రాజంపేటల నుంచి కువైట్‌కు, నిజామాబాద్, జగిత్యాల నుంచి సౌదీకి, దుబాయ్‌కి వెళ్లినవాళ్లు తక్కువేం కాదు. అక్కడ నెలవంక చాలా ఏళ్లు మనకంటే ఒకరోజు ముందే కనిపిస్తుంది. కువైట్‌లో నాన్నకు పండుగైతే, రాయచోటిలో పిల్లలకు ఇంకా ఉపవాసమే. అక్కడ నమాజు ముగించుకుని అతను వీడియో కాల్ చేసేసరికి ఇక్కడ ఎనిమిదిన్నర కావస్తుంది. గదిలో నలుగురైదుగురు మగవాళ్లు కలిసి వండుకున్న సేమ్యాను అతను తింటూ ఉంటే, ఇవతల పిల్లలు ఎండిన పెదవులతో చూస్తారు. మర్నాడు తారుమారు: ఇక్కడ కొత్త బట్టలు, అతను పనిలో. డ్యూటీలో ఉన్నవాడు ఫోన్ ఎత్తలేకపోతే, కొడుకు కొత్త చొక్కా వేసుకున్న ఫొటో పంపించి ఊరుకుంటారు. ఆ చొక్కా అతని జీతంతో కొన్నదే. పోయిన పండుగకు ఇంటికొచ్చావా, వచ్చే పండుగకు వస్తావా అన్న ప్రశ్నలతోనే ఏళ్లు గడిచిపోయిన ఇళ్లు మన జిల్లాల్లో వేలల్లో ఉన్నాయి.

మధ్యాహ్నం భోజనం తర్వాత ఇల్లు కాసేపు కునుకు తీస్తుంది. నెల రోజుల నిద్ర బాకీ ఉంటుంది మరి. సాయంత్రం అత్తవారింటి నుంచి కూతుళ్లు, అల్లుళ్లు వస్తారు, లేకపోతే మర్నాడు పుట్టింట పండుగ. బాసీ ఈద్ పేరుతో ఆ రెండో రోజు కూడా తిరగడాలు, తినడాలు సాగుతూనే ఉంటాయి. ఇంకా డెబ్భై రోజుల్లోపే బక్రీద్. ఆ రోజు పద్ధతి వేరు. ఈసారి తిని నమాజుకు వెళ్లినవాళ్లు, అప్పుడు నమాజు చేసి వచ్చాకే తింటారు. ఖుర్బానీ మాంసాన్ని మూడు వాటాలు చేసి ఒకటి ఇంటికి, ఒకటి బంధుమిత్రులకు, ఒకటి పేదలకు ఇవ్వడం ఆనవాయితీ.

ఈలోగా మరో పని మిగిలి ఉంటుంది. షవ్వాల్ నెలలో ఆరు ఉపవాసాలు ఉంటే పుణ్యమని చాలామంది పండుగ మర్నాటి నుంచే మొదలుపెడతారు. నెలసరి వల్లో, కాన్పు వల్లో రంజాన్‌లో ఉపవాసాలు తప్పిన ఆడవాళ్లు వాటిని వచ్చే రంజాన్‌లోపు తీర్చుకోవాలి. ఇంటిల్లిపాదీ తోడున్నప్పుడు ఉపవాసం ఉండటం వేరు, అందరూ టిఫిన్లు చేస్తుంటే ఒక్కరే వండిపెడుతూ ఉండటం వేరు. అందుకే అత్తా కోడళ్లు, అక్కాచెల్లెళ్లు మాట్లాడుకుని ఒకే రోజులు ఎంచుకుని కలిసి ఉంటారు. ఫ్రిజ్‌లో మిగిలిన షీర్ ఖుర్మా ఆ సాయంత్రాలకు ఇఫ్తార్ అవుతుంది.